వేడి ఎక్కడ పుట్టాలో మనం చెప్పగలిగితే

ఈమధ్య ఇండక్షన్ హీటింగ్ (కాయిల్‌లో కరెంటు పంపి, దాని మధ్య పెట్టిన లోహంలోనే వేడి పుట్టించడం) మీద జరిగిన ఒక చర్చ చదివాను. ఒకాయన వాదన ఇది: ఇండక్షన్‌కి 90 శాతం సామర్థ్యం ఉంది, మంటతో నడిచే ఫర్నేసులు బోలెడంత వేడిని పొగగొట్టం పాలు చేస్తాయి, కాబట్టి ఫ్యాక్టరీల్లో మంటలన్నీ ఆర్పేసి కాయిల్స్ పెట్టెయ్యాలి. రెండో ఆయన వెంటనే అందుకున్నాడు. ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తోంది? బొగ్గు మండించే చోట మూడింట దాదాపు రెండు వంతుల శక్తి పోగొట్టుకుని, మిగిలిన ఒక్క వంతులో 90 శాతం వాడుకున్నామని సంబరపడితే ఎలా? ఇక అక్కణ్ణించి చర్చ మొత్తం శాతాల మీదే నడిచింది.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ చదువుతున్నంతసేపూ నాకు ఒకటే వెలితి. ఎన్ని యూనిట్లు కాలాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్కతోనే తూచినన్నాళ్ళూ ఇండక్షన్ అసలు బలం ఎక్కడుందో కనబడదు. వేడి ఎక్కడ పుట్టాలి, ఎంత లోతుకి దిగాలి, ఎన్ని సెకన్లు ఉండాలి అన్నవి మూడూ మన చేతిలో ఉంటాయి. ఇంకా గట్టిగా చెప్పాలంటే, ఎక్కడ వేడి తగలకూడదో కూడా మనమే నిర్ణయించగలం. వేరే ఏ కొలిమీ ఈ మాట ఇంత నిక్కచ్చిగా చెప్పలేదు. నేను వాదించేది ఇదే. ఈ వాదనకి అడ్డం తగిలే సంగతులు కూడా కొన్ని ఉన్నాయి, వాటినీ దాటెయ్యను.

జాబ్ కంటే వేడైనది ఇంకోటి లేదు

ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ సూత్రం అందరం బళ్ళో చదువుకున్నదే కాబట్టి మళ్ళీ మొదట్నించీ ఎత్తుకోను. కాయిల్‌లో దిశ మార్చుకుంటూ పోయే కరెంటు, దాని చుట్టూ అలాగే మారే అయస్కాంత క్షేత్రం, ఆ క్షేత్రంలో పెట్టిన లోహంలో సుడులు తిరిగే కరెంటు, ఆ కరెంటుకి లోహం చూపే నిరోధం, దానివల్ల వేడి. 1855లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో ఒక రాగి పళ్ళేన్ని అయస్కాంత ధ్రువాల మధ్య తిప్పి చూశాడు. అయస్కాంతం పనిచేస్తున్నప్పుడు తిప్పడానికి ఎక్కువ బలం కావాల్సి వస్తోంది, పైగా పళ్ళెం వేడెక్కుతోంది. ఆ తర్వాత ఇంజనీర్లకి ఈ సుడి ప్రవాహాలు చాలాకాలం శత్రువులే అయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ని ఒకే దిమ్మగా చెయ్యకుండా పల్చటి రేకులు పేర్చి, రేకుకీ రేకుకీ మధ్య ఇన్సులేషన్ పెట్టేది ఈ సుడుల్ని అణచడానికే. ఒకచోట నష్టం కింద రాసుకున్నదాన్నే ఇంకోచోట కావాలని పెంచి పని చేయించుకుంటున్నాం.

ఇందులో ఒక సంగతిని మాత్రం చాలామంది గమనించకుండా దాటిపోతారు. మామూలు ఫర్నేసులో జాబ్‌ని (అంటే వేడి చెయ్యాల్సిన వస్తువుని) 900 డిగ్రీలకి తేవాలంటే దాని చుట్టూ ఉన్నదంతా అంతకంటే వేడిగా ఉండాలి. ఇటుకలు, గాలి, జాబ్‌ని పెట్టిన ట్రే, అన్నీ. వేడి ఎక్కువ నుంచి తక్కువకే పారుతుంది కాబట్టి ఇందులో తప్పించుకునే దారి లేదు. ఆ పారుదలకీ ఒక హద్దుంది. 900 డిగ్రీల దగ్గర ఉన్న గోడ ఎంత నల్లగా ఉన్నా చదరపు సెంటీమీటరుకి 11 వాట్లకి మించి ప్రసరించలేదు. అదే హార్డెనింగ్ (ఉక్కుని కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచడం) చేసే కాయిల్ ఉక్కు ఉపరితలంలోకి చదరపు సెంటీమీటరుకి ఒక కిలోవాటు దింపడం మామూలు విషయం. దాదాపు 100 రెట్లు.

ఆ కిలోవాటు దింపే కాయిల్ మాత్రం చల్లగానే ఉంటుంది. కాయిల్ అంటే లోపల బోలుగా ఉన్న రాగి గొట్టం, అందులో ఆగకుండా నీళ్ళు పారుతుంటాయి. దానికి మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉక్కు నారింజరంగులో వెలుగుతుంటే ఆ గొట్టం గోరువెచ్చగా ఉంటుంది. ఆ షెడ్డు మొత్తంలో జాబ్ కంటే వేడైన వస్తువు ఇంకోటి ఉండదు. వేడిని ఎక్కణ్ణించో తెచ్చి జాబ్‌కి ఇవ్వడం లేదు, జాబ్ తనలో తానే వేడెక్కుతోంది. నా వాదన అంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది.

లోతుని తిప్పే మీట

దిశ మార్చుకునే కరెంటు లోహం చర్మాన్ని అంటిపెట్టుకుని పోతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంకా పైపైనే పోతుంది. లోతు సగం కావాలంటే ఫ్రీక్వెన్సీ నాలుగు రెట్లు చెయ్యాలి. ఎర్రగా కాలిన ఉక్కులో 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ లోతు సుమారు 17 మిల్లీమీటర్లు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 5 పైచిలుకు, 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటింబావు లోపు. పుట్టే వేడిలో 86 శాతం ఆ లోతులోనే పుడుతుంది. అంటే ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడమంటే వేడి ఎంత మందంలో పుట్టాలో ఎంచుకోవడమే.

చల్లటి ఉక్కు సంగతి వేరు. అది అయస్కాంతానికి అంటుకునే స్థితిలో ఉంటుంది కాబట్టి 10 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా కరెంటు ఏ 0.2 మిల్లీమీటర్ల లోతులోనో ఆగిపోతుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము ఆ గుణం పోగొట్టుకుంటుంది. ఆ క్షణాన లోతు ఒక్కసారిగా పెరిగి, చల్లగా ఉన్నప్పటికి ఇరవై రెట్ల పైన అవుతుంది, కాయిల్ మీద పడే లోడు మారుతుంది, మీటర్లు కదులుతాయి, మిషన్ చేసే రొద కూడా మారుతుంది. అనుభవం ఉన్న ఆపరేటర్లు ఆ మార్పుని మీటర్ కంటే ముందు చెవితో పట్టేస్తారు.

నేను మొదటిసారి దగ్గర నిలబడి చూసింది ఒక షాఫ్ట్ హార్డెనింగ్. షాఫ్ట్‌ని నిలువుగా రెండు సెంటర్ల మధ్య పట్టి తిప్పుతున్నారు. దాని చుట్టూ ఒకే చుట్టు ఉన్న రాగి కాయిల్, దాని కిందే సన్నటి కన్నాలున్న ఇంకో రింగు, అందులోంచి పాలిమర్ కలిపిన నీళ్ళు చిమ్ముతున్నాయి. ఈ రెండూ కలిసి కింది నుంచి పైకి నెమ్మదిగా జరుగుతుంటే షాఫ్ట్ మీద ఒక ఎర్రటి పట్టీ పైకి పాకుతూ పోయింది. బెత్తెడు వెడల్పు కూడా లేదు. దాని పైనున్న ఉక్కు ఇంకా మామూలు బూడిదరంగులోనే ఉంది. కిందున్నది అప్పటికే తడిసి నల్లబడింది. ఏ క్షణంలో చూసినా కాలుతున్నది ఆ పట్టీ ఒక్కటే. తర్వాత ఒక షాఫ్ట్‌ని అడ్డంగా కోసి, ముఖాన్ని సానబట్టి, నైట్రిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్ రాసి చూపించారు. గట్టిపడిన పొర వేరే రంగులో ఉంగరంలా బయటపడింది. చుట్టూ ఒకే మందం, కంపాస్ పెట్టి గీసినట్టుంది.

ఆ ఉంగరం విలువ తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. మొత్తం షాఫ్ట్ గట్టిపడితే అరుగుదలకి తట్టుకుంటుంది కానీ దెబ్బకి పుటుక్కున విరుగుతుంది. మొత్తం మెత్తగా ఉంటే విరగదు కానీ అరిగిపోతుంది. పైన గట్టిగా, లోపల సాగే గుణంతో ఉండటం మనకి కావాలి. ఇంకో లాభం కూడా ఉంది. ఉక్కుని అలా కాల్చి ఒక్కసారిగా చల్లార్చినప్పుడు ఏర్పడే గట్టి రూపమైన మార్టెన్‌సైట్‌కి కాస్త ఎక్కువ చోటు కావాలి. లోపలి చల్లటి ఉక్కు దానికి చోటివ్వదు. అందుకని పై పొర ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది, నొక్కుడులో ఉన్నచోట పగులు నోరు తెరవడం కష్టం. 1930లలో అమెరికాలో ఇంజన్ల క్రాంక్‌షాఫ్ట్ జర్నల్స్‌ని ఈ పద్ధతిలో గట్టిపరచడం మొదలైంది. అదే దశాబ్దంలో సోవియట్ యూనియన్‌లో వొలొగ్దిన్ అనే ఇంజనీరు కూడా ఈ దారినే పట్టాడు. క్రాంక్‌షాఫ్ట్‌లో బేరింగ్ కూర్చునే చోటు, అంటే జర్నల్, మాత్రమే గట్టిపడాలి, పక్కన చేతుల్లాంటి భాగాలు అలాగే ఉండిపోవాలి. ఫర్నేసులో పెట్టి ఆ తేడా తేవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

గేర్ దగ్గర ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ పళ్ళ కొసల్ని పట్టుకుంటుంది, తక్కువ ఫ్రీక్వెన్సీ పళ్ళ మొదళ్ళని పట్టుకుంటుంది. అందుకని రెండు ఫ్రీక్వెన్సీలనీ ఒకే కాయిల్‌లోకి ఒకేసారి పంపి, పంటి ఆకారం వెంబడే గట్టి పొర వచ్చేలా చేస్తారు. వేడికి ఒక ఆకారం ఇవ్వడమంటే ఇదే.

వేడి చెయ్యకపోవడంలోనే ఆదా

ఇప్పుడు ఆ 90 శాతం సంగతి చూద్దాం. అది సాధారణంగా కాయిల్‌కీ జాబ్‌కీ మధ్య లెక్క, అదీ జాబ్ చల్లటి ఉక్కు అయినప్పుడు. 770 దాటాక తగ్గుతుంది. కరెంటుని కావాల్సిన ఫ్రీక్వెన్సీకి మార్చే ఇన్వర్టర్‌లో పోయేది, నీళ్ళు తిప్పే పంపులకీ, ఆ నీళ్ళని చల్లబరచడానికీ పోయేది విడిగా వేసుకోవాలి. జాబ్ రాగి అయితే లెక్క పూర్తిగా తల్లకిందులు. రాగి కాయిల్‌తో రాగిని కాలిస్తే ఇద్దరి నిరోధమూ ఒకటే కాబట్టి ఎంత బాగా చేసినా దాదాపు సగం శక్తి కాయిల్‌లోనే వేడిగా మారి నీళ్ళలో కలిసిపోతుంది. అల్యూమినియం దానికంటే కొంచెం నయం, అంతే. అందుకే 2008లో జర్మనీలో ఒక అల్యూమినియం ప్లాంటులో వేరే దారి తొక్కారు. నిరోధం లేని సూపర్ కండక్టర్ కాయిల్‌తో కదలని అయస్కాంత క్షేత్రం పెట్టి, అందులో వేడి చెయ్యాల్సిన అల్యూమినియం దిమ్మని, అంటే బిల్లెట్‌నే మోటారుతో గిరగిరా తిప్పారు. ఫూకో పళ్ళేనికి చేసిందే, పెద్ద ఎత్తున.

అంటే శాతాల గురించి గొంతెత్తినాయన ముందు ఏ లోహం, ఏ వేడిమి అన్నది చెప్పాలి. అది చెప్పకపోతే ఆ సంఖ్యకి అర్థం లేదు.

మరి ఆదా లేదా అంటే, ఉంది. నిజానికి చాలా ఉంది. కాకపోతే అది సామర్థ్యంలోంచి రాదు. 50 మిల్లీమీటర్ల షాఫ్ట్‌ని తీసుకోండి. దానికి 3 మిల్లీమీటర్ల గట్టి పొర కావాలి. కోత ముఖం విస్తీర్ణంలో ఆ పొర వాటా 23 శాతం కూడా లేదు. ఫర్నేసులో పెడితే మిగతా 77 శాతాన్ని కూడా ఎర్రగా కాల్చి, మళ్ళీ చల్లార్చాలి. పైగా ట్రేలు, ఇటుకలు, తలుపు తీసినప్పుడల్లా బయటికి పోయే వేడి. ఇండక్షన్‌లో లోపలి ఉక్కుకి కొంత వేడి పాకుతుంది, నిజమే, కానీ కొద్ది సెకన్లలో అది పోయేదెంత? ఒకవేళ కాయిల్ 60 శాతం సామర్థ్యంతోనే నడిచిందనుకున్నా, కాల్చాల్సిన ఉక్కే నాలుగో వంతుకి తగ్గిపోయినప్పుడు గెలిచేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. చెయ్యని వేడికి సామర్థ్యం లెక్క అక్కర్లేదు. థర్మల్ స్టేషన్ వాదన కూడా ఇక్కడ చాలావరకూ వీగిపోతుంది.

అయితే ఈ గెలుపు పై పొర చాలనుకున్న చోటే. ఫోర్జింగ్‌కి వద్దాం. ఎర్రగా కాల్చిన లోహాన్ని కొట్టి ఆకారం తెచ్చే పని అది. అక్కడ బిల్లెట్ మొత్తం, నడిబొడ్డుతో సహా, 1200 డిగ్రీలు దాటాలి. ఎక్కడ వేడి చెయ్యకూడదు అన్న ప్రశ్నే లేదు. ఫ్రీక్వెన్సీ తగ్గించి లోతు పెంచినా, నడిమధ్యకి వేడి పాకడానికి కొంత వ్యవధి ఇవ్వక తప్పదు. ఇక్కడ ఇండక్షన్‌కి మిగిలిన లాభాలు వేరు. ఎక్కువసేపు గాలిలో కాలదు కాబట్టి పైన పెచ్చు తక్కువ కడుతుంది, ఉపరితలంలో కార్బన్ తక్కువ పోతుంది. పని లేనప్పుడు ఆపేయొచ్చు, ఉదయం వచ్చి స్విచ్ వేస్తే నిమిషాల్లో మొదటి బిల్లెట్ బయటికొస్తుంది. ఇటుకల ఫర్నేసుని అలా ఆపి వెలిగించలేం. ఒకే సైజు బిల్లెట్‌ని రోజంతా కొట్టే చోట ఇవి గట్టి లాభాలు. రోజుకో సైజు, రోజుకో ఆకారం వచ్చే చోట, ఏనుగంత దిమ్మల్ని కాల్చే చోట గ్యాస్ ఫర్నేసే సరైనదని నేనంటాను. పొగ వేడితో లోపలికొచ్చే గాలిని వేడిచేసుకునే కొత్త బర్నర్లు పాత ఫర్నేసుల్లా వేడిని తగలెయ్యవు కూడా.

కరిగించే చోట లెక్క మారుతుంది

కరిగించడంలో ఇండక్షన్ చరిత్ర హార్డెనింగ్ కంటే పాతది. 1900లో స్వీడన్‌లోని గిసింగెలో షెలీన్ అనే ఇంజనీరు ఇండక్షన్ ఫర్నేసులో ఉక్కు కరిగించాడు. 1916 ప్రాంతంలో అమెరికాలో నార్త్రప్ ఇనుప కోర్ అక్కర్లేని ఫర్నేసు తెచ్చాడు. ఇప్పుడు ఫౌండ్రీల్లో మనం చూసేది చాలావరకూ ఆ వంశమే. టన్ను ఇనుముని కరిగించి పోతకి తయారుచెయ్యడానికి సిద్ధాంతం ప్రకారం 400 యూనిట్లకి కొంచెం తక్కువ చాలు, బాగా నడిచే ఇండక్షన్ ఫర్నేసు 500 నుంచి 600 మధ్య తీసుకుంటుంది. మంచి లెక్కే. కరిగిన లోహాన్ని క్షేత్రమే కలియబెడుతుంది, నడుమ గుమ్మటంలా ఉబుకుతుంది. కలపాల్సిన మిశ్రమ లోహాలు గరిట పెట్టకుండానే సమంగా కలుస్తాయి.

కానీ నా వాదనలోని బలమే ఇక్కడ బలహీనతగా మారుతుంది. వేడి కరెంటు పారే చోటే పుడుతుందన్నాను. కరిగిన ఉక్కు మీద తేలే మలినాల తెట్టులో, అంటే స్లాగ్‌లో కరెంటు పారదు. అందుకని దానికి కింది లోహం ఇచ్చిన వేడే దిక్కు. చల్లటి, చిక్కటి స్లాగ్ ఏ మలినాన్నీ సరిగ్గా లాక్కోలేదు. దానికి తోడు చాలా ఫర్నేసులకి ఉండే సిలికా లైనింగ్ (లోహాన్ని పట్టి ఉంచే లోపలి పొర) సున్నం పాళ్ళు ఎక్కువున్న స్లాగ్‌ని ఓర్చుకోదు. ఆర్క్ ఫర్నేసులో మెరుపు నేరుగా స్లాగ్‌ని కూడా కాలుస్తుంది కాబట్టి ఫాస్ఫరస్‌ని అందులోకి లాగొచ్చు. ఇండక్షన్ ఫర్నేసులో తుక్కుతో పాటు ఏ ఫాస్ఫరస్ వస్తుందో అది చాలావరకూ ఉక్కులోనే ఉండిపోతుంది. అది శుద్ధి చేసే కొలిమి కాదు, కరిగించే కొలిమి. ఈ తేడా పట్టించుకోకుండా ఏ తుక్కు పడితే ఆ తుక్కు వేసి, తర్వాత ఉక్కు పెళుసుగా వచ్చిందని ఫర్నేసుని తిడితే లాభం లేదు.

ఇంకో భయం కూడా ఉంది. కాయిల్ ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది, అందుకని మధ్యలో లైనింగ్ పల్చగా ఉండాలి. లైనింగ్‌కి ఇటు 1500 డిగ్రీల లోహం, అటు కాయిల్‌లో నీళ్ళు. లైనింగ్ పగిలి రెండూ కలిస్తే ఆవిరి పేలుడు. లోహం కాయిల్ వైపు పాకితే పసిగట్టి కరెంటు ఆపేసే లీకేజ్ డిటెక్టర్ లేని ఫర్నేసు దగ్గర ఎవరూ నిలబడకూడదు. దీన్ని ఖర్చు కింద చూసేవాళ్ళతో నాకు వాదన కూడా అనవసరం.

అద్దం అవతల, మూత కింద

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వేరే కొలిమితో పోల్చదగిన పనులు. పోల్చడానికి వేరే కొలిమే లేని పనులు కూడా ఉన్నాయి. నా వాదనకి అసలు సాక్షులు అవే.

పాతకాలం రేడియో వాల్వులు గుర్తున్నవాళ్ళకి వాటి గాజు లోపల మెరిసే వెండి మచ్చ కూడా గుర్తుండాలి. వాల్వులోంచి గాలంతా లాగేసి గాజుని మూసేశాక, లోపల మిగిలిన కాస్తో కూస్తో వాయువుని పట్టి ఉంచడానికి బేరియం ఆవిరి కావాలి. మూసేసిన గాజు లోపల దాన్ని ఎలా కాల్చాలి? బయట కాయిల్ పెట్టారు. గాజులో కరెంటు పారదు కాబట్టి అది చల్లగా ఉంది, లోపలి చిన్న లోహపు రింగు ఎర్రగా కాలింది, దాని మీదున్న బేరియం ఆవిరై గాజుకి అంటుకుంది. ఆ వెండి మచ్చ అదే.

ఇప్పటి సంగతి చెప్పాలంటే మందుల సీసా మూత తిప్పి తీస్తే లోపల సీసా నోటికి అతుక్కుని ఉండే రేకు. మూత బిగించాకే సీసా కాయిల్ కిందనుంచి పోతుంది. క్షేత్రం ప్లాస్టిక్ మూతని పట్టించుకోకుండా దాటి అల్యూమినియం రేకుని వేడిచేస్తుంది, రేకు కిందున్న పల్చటి ప్లాస్టిక్ పొర కరిగి సీసా అంచుకి అతుక్కుంటుంది. ఒక్క సెకను పని. మందుకి వేడి తెలియదు, మూతకి తెలియదు. దీన్ని మంటతోనో వేడిగాలితోనో చెయ్యడానికి ప్రయత్నిస్తే ముందు కరిగేది మూతే. ఈ పనిలో సామర్థ్యం ఎంతని ఎవరైనా అడుగుతారా?

ఇంకో సాక్షి సిలికాన్. అతి శుద్ధమైన సిలికాన్ కడ్డీ కావాలంటే దాన్ని కరిగించేటప్పుడు ఏ పాత్రా తగలకూడదు, ఎందుకంటే క్వార్ట్జ్ పాత్రలోంచి కూడా ఆక్సిజన్ దిగుతుంది. అందుకని కడ్డీని నిలువుగా పట్టుకుని, చుట్టూ కాయిల్ పెట్టి, కడ్డీలో సన్నటి పట్టీని మాత్రమే 1414 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. పైనా కిందా గట్టి సిలికాన్, మధ్యలో కరిగిన భాగం ముఖ్యంగా తన తలతన్యత మీదే నిలబడి ఉంటుంది. చల్లటి సిలికాన్ కరెంటుని సరిగ్గా పారనివ్వదు కాబట్టి ముందు వేరేగా కొంత వేడి చెయ్యాలి, కరిగాక మాత్రం లోహంలాగే ప్రవర్తిస్తుంది. ఆ పట్టీని కడ్డీ పొడవునా జరుపుతూ పోతే మలినాలు దానితోపాటే కొసకి కొట్టుకుపోతాయి. ఇలా తయారైన సిలికాన్‌తోనే భారీ థైరిస్టర్లు (పెద్ద కరెంటుని నడిపే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) చేస్తారు. 1950ల చివర థైరిస్టర్ రాకముందు ఇండక్షన్‌కి కావాల్సిన ఫ్రీక్వెన్సీ కోసం మోటారుతో జనరేటర్ తిప్పేవాళ్ళు, లేదా పెద్ద పెద్ద వాల్వులు వాడేవాళ్ళు. ఇప్పుడు ఫర్నేసుల్ని నడిపేది థైరిస్టర్లూ, ఐజీబీటీలనే అలాంటి ఇంకో రకం స్విచ్చులే. కాయిల్ శుద్ధి చేసిన సిలికాన్ తిరిగొచ్చి కాయిల్‌నే నడుపుతోంది. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

కనబడని తప్పు

ఇంత పొగిడాక, నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసే అభ్యంతరం చెప్పాలి. వేడి ఖచ్చితంగా ఒకచోటే పడుతుందంటే, తప్పు కూడా ఖచ్చితంగా ఒకచోటే పడుతుంది. ఫర్నేసులో వేడిమి తప్పితే ఆ ట్రేలో ఉన్నవన్నీ దాదాపు ఒకేలా తప్పుతాయి, ఏదో ఒకటి తీసి పరీక్షిస్తే దొరికిపోతుంది. ఇండక్షన్‌లో కాయిల్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే ఒకవైపు లోతు, ఒకవైపు పలచన.

ఒక వర్క్‌షాపులో జరిగింది చెబుతాను. హార్డెనింగ్ అయిన షాఫ్టులు వాడుకలో విరుగుతున్నాయని తిరిగొచ్చాయి. ఉపరితలం గట్టిదనం చూస్తే చుట్టూ ఎక్కడ కొలిచినా సరిగ్గానే ఉంది. స్టీలు బాగోలేదని ఒకరు, ఇండక్షన్‌ని నమ్మకూడదని ఒకరు. చివరికి కోసి చూస్తే పొర ఒకవైపు 3 మిల్లీమీటర్ల పైన, ఎదురువైపు అందులో సగం కూడా లేదు. షాఫ్ట్‌ని తిప్పే డ్రైవ్ ఉండి ఉండి జారుతోంది. తిరగడం ఆగిన ఆ కాసేపూ కాయిల్‌కి దగ్గరగా ఉన్న వైపే కాలుతోంది. బల్ల దగ్గర నిలబడి చూసేవాళ్ళకి పట్టీ ఎర్రగానే కనిపించింది. అక్కడున్న పెద్ద ఆపరేటర్ ఒకాయన "ఎదర నిలబడి చూస్తే సగమే కనబడుద్ది బాబూ" అని, మరుసటి రోజు మిషన్ వెనకాల ఒక చిన్న అద్దం బిగించాడు. అప్పట్నించీ పట్టీ వెనకవైపు రంగు కూడా ముందునుంచే కనబడేది. అందరం మెచ్చుకోవాల్సిన పని అది.

ఇంకా ఉన్నాయి. నూనె కన్నం ఉన్నచోట కరెంటు దాని చుట్టూ దారి వెతుక్కుంటూ అంచుల దగ్గర గుమిగూడుతుంది, అంచు అతిగా కాలి, చల్లార్చినప్పుడు పగులుతుంది. దానికి కన్నంలో రాగి బిరడా పెట్టడం లాంటి ఉపాయాలున్నాయి. కానీ ప్రతి జాబ్‌కీ ఒక కాయిల్, ప్రతి కాయిల్‌కీ కొన్ని కోసి చూసిన ముక్కలు, ఆ ముక్కల మీద నేర్చుకున్న అనుభవం. పది రకాల జాబ్స్ నాలుగేసి చొప్పున వచ్చే చిన్న షాపుకి ఇది గిట్టదు. కంప్యూటర్ సిమ్యులేషన్ వచ్చాక కోత ముక్కల సంఖ్య తగ్గింది, పూర్తిగా పోలేదు.

సమయం అడిగే పనులు కూడా ఇండక్షన్‌కి లొంగవు. కార్బన్ తక్కువున్న ఉక్కు ఉపరితలంలోకి కార్బన్‌ని ఇంకించాలంటే 900 డిగ్రీల పైన గంటలు గంటలు ఉంచాలి, కార్బన్ పరమాణువులు తమ తీరికలో లోపలికి నడవాలి. వందల జాబ్స్‌ని ఒకేసారి అలా ఉంచడానికి పెద్ద ఫర్నేసే నయం. ఇండక్షన్ కావాలంటే ముందే 0.4 నుంచి 0.5 శాతం కార్బన్ ఉన్న ఉక్కు ఎంచుకోవాలి. అంటే నిర్ణయం హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డులో కాదు, డిజైన్ బల్ల దగ్గరే మొదలవ్వాలి.

డ్రాయింగు మీద ఏం రాయాలి

నాకు ఇబ్బందిగా అనిపించేది ఇక్కడే. నేను చూసిన డ్రాయింగుల్లో చాలావాటి మీద "ఇండక్షన్ హార్డెన్" అని, ఒక గట్టిదనం సంఖ్య అని రాసి వదిలేస్తారు. ఫర్నేసుకి అది చాలు, ఎందుకంటే ఫర్నేసుకి ఎక్కడ అన్న ప్రశ్న లేదు. ఇండక్షన్‌కి చాలదు. పొర ఎంత లోతు, ఏ మిల్లీమీటర్ దగ్గర మొదలై ఏ మిల్లీమీటర్ దగ్గర ఆగాలి, ఆ రెండింటికీ ఎంత తేడా ఒప్పుకుంటారు అన్నవి కూడా ఉండాలి.

ఆగే చోటు గురించి పట్టుబట్టడానికి కారణం ఉంది. గట్టి పొర నొక్కుడులో ఉంటుందన్నాను కదా, అది ఎక్కడ ముగుస్తుందో ఆ పక్కనే లాగుడు పుడుతుంది. ఆ ముగింపు తిన్నగా ఉన్న చోట పడితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. షాఫ్ట్ వ్యాసం మారే మూలలో, ఫిల్లెట్ అనే గుండ్రటి ఒంపు దగ్గర పడిందంటే మాత్రం, అసలే బరువంతా గుమిగూడే చోట మనం చేజేతులా ఇంకో లాగుడు జోడించినట్టే. ముందు పగిలేది అక్కడే. హార్డెనింగ్ చెయ్యకుండా వదిలేసిన షాఫ్టే దానికంటే ఎక్కువకాలం మన్నొచ్చు. ఫిల్లెట్‌ని దాటించి పొరని కొనసాగించాలా, లేక దానికి బాగా ముందే ఆపాలా అన్నది కాయిల్ చేసేవాడు ఊహించుకోవాల్సిన విషయం కాదు. అది డ్రాయింగు మీద గీత గీసి, కొలత వేసి ఇవ్వాల్సిన విషయం.